నవీద్‌కు ముప్పై ఏడు, ముంతాజ్‌కు ఒకటి

కర్నూలు,
ఆగస్టు 28

విశ్వాసమ్మ టీచర్ గారికి,

నమస్కారం.

ఈ ఉదయం బస్సులో ఒక అవ్వ ఆధార్ కార్డును పళ్ల మధ్య పట్టుకుని కూర్చుంది. రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. కండక్టరు వంగి కార్డు మీద ఫొటో చూశాడు, ఆమె ముఖం చూశాడు. “ఇద్దరూ ఒకటేలే అవ్వా” అని టిక్కెట్టు తీసి ఆమె ఒడిలో పెట్టాడు. ఈ నెల పదిహేను నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. కండక్టరు దగ్గరికి రాకముందే అందరి చేతుల్లో కార్డులు సిద్ధంగా ఉంటాయి. మీకు చెప్పాలనిపించింది.

ఫోన్‌లో మీకు సరిగా వినబడటం లేదని, నేనా ఫోన్‌లో నాలుగు మాటలకు మించి మాట్లాడనని, ఉత్తరాలు రాయమన్నారు. ఇదే మొదటిది.

ఓర్వకల్లు దారిలో ఉన్న విశ్వవిద్యాలయంలో జూలైలో చేరాను. గెస్ట్ లెక్చరర్‌ని. రాజ్యాంగం, పౌర జీవితం నా పాఠం. రెండో సంవత్సరం డిగ్రీ పిల్లలు ముప్పై ఎనిమిది మంది, అందరూ ముస్లిం పిల్లలే. రాళ్ల ఫ్యాక్టరీల నుంచి, దర్జీ అంగళ్ల నుంచి, మెకానిక్ షెడ్ల నుంచి వచ్చినవాళ్లు. మా ఇంటిలాంటి ఇళ్లే.

ప్రాథమిక హక్కులు ఎన్ని అని అడిగితే “ఆరు” అని ఒకే గొంతుతో చెబుతారు. వాటిలో ఒకదాన్ని ఎప్పుడైనా వాడారా అని అడిగాను. అందరూ నోట్సులో వెతకడం మొదలుపెట్టారు.

అందుకే మీరు చేసిన పని నేనూ చేయబోతున్నాను. గుర్తుందా? ఏడో తరగతి దాకా క్లాస్ లీడర్ ఎవరో మన కాన్వెంటు సిస్టర్లే చెప్పేవారు. ఎనిమిదిలో మీరు చెప్పుల అట్టపెట్టెకు చీలిక కోసి తెచ్చారు. చీటీ మీద ఎవరి పేరైనా రాయొచ్చన్నారు. లెక్కించే ముందు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్కో చీటీనీ చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

నా పేరు ఒకే ఒక్కసారి వచ్చింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. మీరు నవ్వలేదు. బోర్డు మీద నా పేరు పూర్తిగా, అందరి పేర్లంత పెద్దగా రాశారు. పక్కన ఒక గీత గీశారు. గంట కొట్టాక కూడా చెరపలేదు. ఆ గీత చాలా ఏళ్లు నాతో ఉంది. నోరు తెరవలేని పిల్ల ఇవాళ ముప్పై ఎనిమిది మంది ముందు నిలబడి మాట్లాడుతోందంటే దానికి మొదలు ఆ గీతే. ఈ మాట మీకు ఎప్పుడో చెప్పాల్సింది.

అమ్మీ మీకు సలాం చెప్పమంది.

మీ
షాహీనా

*

కడప,
సెప్టెంబరు 5

షాహీనా బిడ్డకు,

దీవెనలు.

నీ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మన్ ఓబన్న గేటు దగ్గర నుంచే కేకేసినాడు: “టీచరమ్మా, కోర్టు కాయితం కాదు, బ్యాంకు కాయితం కాదు, నిజం ఉత్తరం! ఎవరో చేత్తో రాసినారు!” వీధంతా విన్నది. నాకూ వినబడింది, కాబట్టి ఎంత గట్టిగా అరిచినాడో అనుకో. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి చర్చిలో పాటలు వినబడతాయి, ప్రసంగం వినబడదు. దాన్ని దేవుడి దయ కింద లెక్క వేసుకున్నాను.

అట్టపెట్టె సంగతి గుర్తుంది. సిస్టర్ నన్ను పిలిచి “పిల్లల్లో గొడవలు వస్తాయి టీచర్” అన్నది. వచ్చినాయి కూడా. రెండు జడల పద్మిని నాతో నెల రోజులు మాట్లాడలేదు.

నీ పెట్టెకూ గొడవలు వస్తాయి. భయపడొద్దు. చీటీ చదివేటప్పుడు గొంతు మార్చొద్దు. ఒక్క ఓటు వచ్చిన పేరునైనా ఇరవై వచ్చిన పేరు చదివినట్టే చదువు.

వేళకు తిను. నువ్వు పుస్తకం పట్టుకుంటే అన్నం మరిచిపోయే రకం.

విశ్వాసమ్మ

*

కర్నూలు,
సెప్టెంబరు 21

టీచర్ గారికి,

గొడవ వచ్చింది. మీరు చెప్పినదానికంటే పెద్దది.

ఎన్నిక పోయిన సోమవారం పెట్టాను. పెట్టె బల్ల మీద పెట్టగానే ముందు వరుసలో ఒక అబ్బాయి లేచాడు.

“మేడం, చీటీలు ఎందుకు? నిన్ననే మష్వరా చేసుకున్నాం. నవీద్. అయిపోయింది.”

మష్వరా అంటే కూర్చుని మాట్లాడుకుని అందరూ ఒక మాట మీదికి రావడం. మసీదు కమిటీ అయినా, పెళ్లి మాటలైనా మా ఇళ్లలో అట్లాగే జరుగుతాయి. అది మంచి పద్ధతే. నేను అడిగాను:

“ఎంతమంది మాట్లాడారు?”

“అందరూ మేడం.”

“ముంతాజ్ మాట్లాడిందా?”

“ఆమె ఎప్పుడు మాట్లాడింది మేడం?”

అందరూ నవ్వారు. ముంతాజ్ కూడా కొంచెం నవ్వింది. ఆమెది బేతంచెర్ల. తల్లీ తండ్రీ ఇద్దరూ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. ఇక్కడ టౌన్లో హాస్టల్లో ఉంటుంది. చివరి బెంచీ. పరీక్ష పేపర్లో మాత్రం నేను అడగని ప్రశ్నలకు కూడా జవాబులు రాస్తుంది.

నవీద్ వాళ్ల నాన్నకు బురుజు వెనక దర్జీ అంగడి. నవీద్ మర్యాదస్తుడు, బాగా మాట్లాడతాడు. మష్వరాలో తనకు వద్దని మూడుసార్లు అన్నాడట. అందుకే అందరూ అతనే కావాలని పట్టుబట్టారు. పదవి అడిగేవాడికి పదవి ఇవ్వకూడదని మేము చిన్నప్పటి నుంచి వింటాం.

అయినా చీటీలు రాయించాను. మీలాగే కళ్లజోడు తీసి పక్కన పెట్టాను. చీటీ దూరంగా పట్టుకుంటే అక్షరాలు మసకగా, చదవగలిగేటట్టు కనబడ్డాయి. నవీద్, నవీద్, నవీద్. ఇరవై నాలుగో చీటీ మీద ముంతాజ్ అని ఉంది. గొంతు మార్చకుండా చదివాను. బోర్డు మీద పేరు పూర్తిగా రాసి గీత గీశాను.

నవీద్‌కు ముప్పై ఏడు. ముంతాజ్‌కు ఒకటి.

నేను సంతోషపడ్డాను టీచర్. నా ఎనిమిదో తరగతి గుర్తొచ్చి, ఆ అమ్మాయికి మంచి జరిగిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని. వెనక నుంచి మాటలు మొదలయ్యాయి.

“మాటిచ్చి తప్పింది ఎవరప్పా?”

“ఇంకెవరు? తన ఓటు తానే వేసుకోనుంటాది.”

“మూగదనుకుంటే మంత్రి అయ్యేటట్టుండాది!”

ఆ మాటలు ఆ రోజుతో ఆగలేదు. హాస్టల్లో ఆడపిల్లలు కూడా ఆమెను ‘మంత్రిగారూ, నీళ్లు పట్టుకున్నారా’ అని పిలుస్తున్నారని తర్వాత తెలిసింది. అందరితో మష్వరాలో తల ఊపి, చాటున తన పేరు రాసుకుందని వాళ్ల కోపం. పదవి మీద ఆశ ఒక తప్పు, మాట తప్పడం ఇంకో తప్పు, ఆడపిల్ల కావడం వాళ్ల లెక్కలో మూడోది.

ముంతాజ్ గురువారం బేతంచెర్లకు వెళ్లిపోయింది. వెళ్లే ముందు ఒక అమ్మాయితో “నేను నవీద్‌కే వేసినా, ఎవరూ నమ్మల్యా” అందట.

జూలైలో ఆమెకు జ్వరం వచ్చి పదిహేను రోజులు రాలేదు. ఇప్పుడు అక్టోబరు మధ్యలోపు రాకపోతే హాజరు డెబ్బై ఐదు శాతం తప్పిపోతుంది, పరీక్ష రాయనివ్వరు. ఒక ఏడు పోతే ఆ ఇంట్లో రెండో ఏడు పంపరు. వాళ్ల నాన్న ఇప్పటికే “పోయినంత వరకు చాలు” అంటున్నాడట.

చీటీలు నా దగ్గర కవర్లో ఉన్నాయి. వీళ్ల పేపర్లు దిద్దుతాను కాబట్టి కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆ చీటీ ఎవరు రాశారో చెప్పగలను. ముంతాజ్ రాత కాదని తేలితే ఆమె బయటపడుతుంది. కానీ రహస్యంగా ఉంటుందని చెప్పి రాయించింది నేనే. కవరు రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. తెరవలేదు.

ఏం చేయమంటారు?

షాహీనా

*

కడప,
సెప్టెంబరు 26

షాహీనా,

ఈ ఉత్తరం చదవడం అయిపోగానే కవరుతో సహా ఆ చీటీలు నీళ్ల బకెట్లో వెయ్. నానిన తర్వాత పిసికి పారెయ్. ఇంకా ఉన్నాయంటే మూడోసారి కూడా చేతిలోకి తీసుకుంటావు.

ఇక రెండో సంగతి. జవాబు నీ ఉత్తరంలో నువ్వే రాసి, చూసుకోలేదు. మూడుసార్లు నాకొద్దు అన్న పిల్లవాడు నాలుగోసారి తన పేరు తాను రాసుకుంటాడా? ముప్పై ఏడు మంది మాట నిలబెట్టుకున్నారు, ముంతాజ్‌తో సహా. ముప్పై ఎనిమిదోవాడు నవీద్. అతనికి తన పేరు రాయాలంటే సిగ్గు. ఖాళీ చీటీ వేయడం తప్పనుకున్నాడో ఏమో, ఎవరో ఒకరి పేరు రాయాలి కదా, రాసినాడు. మీ వాళ్లంతా లెక్కలో ఒక్కణ్ణి మరిచిపోయినారు, గెలిచినవాణ్ణి.

ఇది నా ఊహ మాత్రమే. కాగితం మీద నీకొక్కదానికే రాస్తున్నాను. నువ్వు నోటితో ఎవరికీ చెప్పొద్దు. మగపిల్లవాడు ఆడపిల్ల పేరు రాసినాడని తెలిస్తే ఇప్పుడు పొగరు అంటున్నవాళ్లు రేపు ఇంకో మాట అంటారు. ఆ మాటకు బేతంచెర్లలో తలుపు మూసుకుంటుంది. ఆ పిల్లవాడు నోరు విప్పకపోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది. పిరికివాడు అనుకోవద్దు.

ఎవరు రాసినారని క్లాసులో అడగొద్దు. రాసుకుంటే తప్పేముందని అడుగు. వాళ్లు జవాబు చెప్పాల్సింది దానికి.

దసరా సెలవులు అయిపోగానే బేతంచెర్లకు పో. ఫోన్ చేయొద్దు. ఫోన్‌లో నువ్వు “ఊ” అంటావు, అవతల వాళ్లు “ఊ” అంటారు, అయిపోతుంది.

నా చీటీల డబ్బాలో ఎన్నడూ నేను ఎవరి రాతా వెతకలేదు. అది ఒక్కటి నేను సరిగా చేసినాననుకుంటాను.

విశ్వాసమ్మ

*

కర్నూలు,
అక్టోబరు 6

టీచర్ గారికి,

చీటీలు బకెట్లో వేశాను. నీళ్లు నీలంగా మారాయి.

నిన్న, ఆదివారం, రైల్లో బేతంచెర్లకు వెళ్లాను. స్టేషన్ నుంచే రోడ్డుకు రెండు వైపులా బండలు అంచుల మీద నిలబెట్టి ఉన్నాయి. రాతి దుమ్ము పట్టి కానుగ ఆకులు కూడా తెల్లగానే ఉన్నాయి. పాలిష్ మిషన్ల కింద నుంచి వచ్చే నీళ్లు పాలలా కాలవలో పోతున్నాయి. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. “ఓటేసుకున్న పిల్ల ఇల్లా?” అని దారి చూపించారు. ఆ మాట కర్నూలు నుంచి నాకంటే ముందే చేరింది.

ముంతాజ్ వాళ్ల అమ్మ పేరు బషీరాబీ. కనుబొమల మీద కూడా రాతి దుమ్ము. నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచింది. నేను ఏం మాట్లాడాలో రైల్లో కాగితం మీద రాసుకున్నాను, బ్యాగులోంచి తీయడానికి సిగ్గేసింది. అవసరం కూడా రాలేదు. ఆమే మొదలుపెట్టింది.

“ఏం మేడమ్మా, యాడన్నా ఓటేసినందుకు బిడ్డను ఇంత మాట అంటారా? మేము ఓటేసి ఇంటికొచ్చినాంక ఎవురికేసినావని మా ఆయన ఇంతవరకూ అడగల్యా. అడిగినా నేను చెప్పను. ఆయప్పదొకటి, నాదొకటి. ఇంట్లో రెండు పార్టీలుండాయి. కూర మాత్రం ఒకటే.”

లోపల నుంచి ముంతాజ్ వాళ్ల నాన్న దావూద్ గొంతు వచ్చింది. “ఆ, నీది ఏదో నాకు తెలీదనుకున్నావా?”

“తెలిస్తే చెప్పు సూద్దాం!”

ఆయన చెప్పలేదు. నేను నవ్వాను టీచర్. ఒక సెమిస్టర్ పాఠం వాళ్లిద్దరూ గడప దగ్గర చెప్పేశారు.

ముంతాజ్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. “మేడం, నేను ఎవరికి వేసినానో అడగరా?” అంది.

“అడగడానికి రాలేదు.”

“ఎవరో ఒకరు అడిగితే బాగుండు. చెప్పుకోవడానికన్నా అవుతాది. నేను మాటిచ్చినా, నవీద్‌కే వేసినా. నమ్ముతారా?”

“నమ్ముతాను. నువ్వు నీకే వేసుకుని ఉన్నా నేను ఇంత దూరం వచ్చేదాన్ని.”

ఆమె గోడ వదిలి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత, “నేను వస్తా మేడం. కానీ నేను రాకముందే ఆ క్లాసులో ఎవరన్నా నిలబడి మాట్లాడాల. నేను ఈసారి తల వంచుకుని ఆ వాకిట్లోకి రాలేను” అంది.

నేను మాట్లాడతానని చెప్పాను. గురువారం వస్తానంది. హాజరుకు అదే ఆఖరి వారం. దావూద్ గారు ఒక్కటే అన్నారు: “గురువారం దాకా సూస్తా మేడం. అప్పటికీ బిడ్డ మనసు ఒప్పకపోతే నేను తోయను.”

బషీరాబీ నాకు జొన్నరొట్టెలు కట్టిచ్చింది. రైల్లో వస్తుంటే భయం మొదలైంది. పాఠం చెప్పడం వేరు. ఇట్లాంటిది నిలబడి చెప్పడం నేను ఎప్పుడూ చేయలేదు.

షాహీనా

*

కడప,
అక్టోబరు 8

బిడ్డా,

ఓబన్న స్పీడ్ పోస్టులో వేస్తే రేపటికి అందుతుందంటున్నాడు. అందకపోయినా నష్టం లేదు. నువ్వు ఈపాటికి మాట్లాడేసి ఉంటావు.

గొంతు వణికితే వణకనియ్. నాకు ఇరవై తొమ్మిదేళ్లు వణికింది. మీకెవరికీ తెలియలేదు, ఎందుకంటే నేను బోర్డు వైపు తిరిగి రాసేదాన్ని.

విశ్వాసమ్మ

*

కర్నూలు,
అక్టోబరు 19

టీచర్ గారికి,

మీ ఉత్తరం పని అయిపోయాక అందింది. అయినా దాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టుకున్నాను.

ఏడో తేదీ మంగళవారం సాయంత్రం నవీద్ స్టాఫ్ రూమ్ వాకిట్లో నిలబడ్డాడు. అరగంట నిలబడ్డాక లోపలికి వచ్చాడు.

“మేడం, ఆ చీటీ గురించి ఒక సంగతి చెప్పాల.”

“చెప్పొద్దు” అన్నాను. నేను అంత త్వరగా మాట్లాడటం నాకే ఆశ్చర్యం.

“చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదు మేడం.”

“చెబితే నీకు తేలిక అవుతుంది. ఆమెకు కాదు.”

అతను తల దించుకున్నాడు. “అయితే నేనేం చేయాల?”

“రేపు క్లాసులో ఒక ప్రశ్న అడుగుతాను. దానికి నీ జవాబు నువ్వు చెప్పు.”

మరునాడు బోర్డు మీద రాశాను: తన ఓటు తనకు వేసుకోవడం తప్పా? మీ ఉత్తరం ఇంకా అందకపోయినా మీలాగే, వాళ్ల వైపు తిరగకముందు కొంచెంసేపు బోర్డు వైపే ఉన్నాను.

“ఏ చట్టంలో తప్పని ఉంది?” అని అడిగాను.

ముందు బెంచీ అబ్బాయి అన్నాడు: “చట్టంలో లేదు మేడం. సిగ్గులో ఉండాది.”

మంచి జవాబు. అది విన్నాక నేను రాసుకున్న కాగితం పక్కన పెట్టాను. ఆ సిగ్గు నాకు తెలుసన్నాను. పదవి కోసం పాకులాడొద్దని మన పెద్దలు చెప్పింది మంచిదే. కానీ ఎమ్మెల్యేగా నిలబడిన మనిషి కూడా ఉదయమే బూత్‌కు పోయి తన ఓటు తనకే వేసుకుంటాడు, ఎవరూ దాన్ని దొంగతనం అనరు. నేను ఈ పని చేయగలను అని ఒక మనిషి అనుకోవడం, అనుకున్నది చీటీ మీద రాయడం నేరం కాదు. ముంతాజ్ తన పేరు రాసుకుందో లేదో నాకు తెలియదు, చీటీలు నేను నీళ్లలో వేశాను. రాసుకోలేదని ఆమె చెప్పింది, నేను నమ్మాను. రాసుకుని ఉన్నా ఆమె మీకు క్షమాపణ చెప్పాల్సింది ఏమీ లేదు. మష్వరాలో ఆమె నోరు విప్పలేదని మీరు నవ్వారు. నోరు విప్పలేనివాళ్ల కోసమే చీటీ ఉంది. ఆ చీటీ ఎవరిదని వెంటపడితే ఇక వాళ్లకు నోరూ లేనట్టే, చీటీ కూడా లేనట్టే.

ఇంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు. చెవులు వేడెక్కాయి.

అప్పుడు నవీద్ లేచాడు. “నేను మూడుసార్లు వద్దన్నా. అది అబద్ధం. నాకు కావాలనే ఉండె. అడిగితే బాగుండదని వద్దన్నా. ఈ పదవి జనవరి వరకే చేస్తా. అప్పుడు మళ్లీ ఎన్నిక పెడదాం. కావలసినవాళ్లు ముందే లేచి నాకు కావాలని చెప్పాల. నేను నిలబడతా. నా ఓటు నాకే వేసుకుంటా, ఇప్పుడే చెప్తాండా.”

“ఏమప్పా, అప్పుడే ప్రచారమా!” అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. చప్పుడు తగ్గాక హాస్టల్ అమ్మాయి ఒకామె “మంత్రిగారూ అని మొదట పిలిచింది నేనే మేడం” అని చెప్పి కూర్చుంది. ఆ సాయంత్రం వాళ్లు నలుగురు కలిసి ముంతాజ్‌కు ఫోన్ చేశారట.

గురువారం తొమ్మిదింటికి ముంతాజ్ వచ్చింది. తల ఎత్తే వచ్చింది. చివరి బెంచీలో ఆమె చోటు ఖాళీగానే ఉంది, ఎవరూ కూర్చోలేదు. అది కూడా వాళ్లు మాట్లాడుకుని చేసిన పనే అనుకుంటాను. రోజూ వస్తోంది. లెక్క చూశాను, హాజరు సరిపోతుంది. రెండు రోజులు ఎక్కువే.

మీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియదు. మీరు బకెట్టు మాట రాయకపోతే నేను కవరు తెరిచి ఉండేదాన్ని.

మీ
షాహీనా

*

కడప,
జనవరి 12

షాహీనా బిడ్డకు,

క్రిస్మస్‌కు నువ్వు పంపిన కార్డు అందింది. జవాబు ఆలస్యమైంది. చెవికి మిషన్ పెట్టించినారు. ఇప్పుడు ప్రసంగం కూడా వినబడుతోంది. మిషన్ అప్పుడప్పుడు తీసేస్తున్నాను.

ముంతాజ్ పరీక్షలు బాగా రాసిందని రాసినావు. ఆ మాట రెండుసార్లు చదివినాను. ఆ వాక్యం కోసం ఎంతమంది ఎంత దూరం నడిచినారో ఆ పరీక్ష పేపరుకు తెలియదు.

నీ మొదటి ఉత్తరంలో నా కళ్లజోడు గురించి రాసినావు, ఎందుకో అడగలేదని. ఇప్పుడు చెబుతాను. మీ నలభై మంది రాతలూ నాకు కంఠస్థం. ఎవరి ‘క’ కు తల పెద్దదో, ఎవరు కొమ్ము మరిచిపోతారో కళ్లు మూసుకుని చెప్పగలను. అందుకే జోడు తీసేదాన్ని. దూరంగా పట్టుకుంటే పేరు తెలుస్తుంది, రాత తెలియదు. మీరంతా టీచర్‌కు చూపు పోయిందనుకున్నారు. అనుకోనియ్ అని ఊరుకున్నాను. నువ్వు కారణం తెలియకుండానే అదే పని చేసినావని చదివి ఆ రోజు చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. నేర్పినామని మనకు తెలియకుండానే కొన్ని నేర్పుతాం.

కాబట్టి నీకు ఓటు వేసిన పిల్ల ఎవరో నాకూ తెలియదు. ఎవరైనా గానీ, మంచి చూపు ఉన్న పిల్ల. నీలో ఏముందో మా అందరికంటే ముందు చూసింది. ఇప్పుడు నిన్ను చూస్తే సంతోషపడుతుంది.

ఎన్నిక ఎట్లా జరిగిందో రాయి.

విశ్వాసమ్మ

*

కర్నూలు,
ఫిబ్రవరి 1

విశ్వాసమ్మ టీచర్ గారికి,

ఎన్నిక గురువారం జరిగింది. ఇద్దరు నిలబడ్డారు. నవీద్, ముంతాజ్.

ముందు ఇద్దరినీ మాట్లాడమన్నాను. నవీద్ బాగా మాట్లాడాడు. ముంతాజ్ ఒక కాగితం పట్టుకుని లేచింది.

“నాకు మాట్లాడటం రాదు. సాయంత్రం నాలుగున్నర బస్సుకు మన గేటు కాడ స్టాపు లేదు. హాస్టల్ ఆడపిల్లలం చివరి పీరియడ్ వదిలేసి ముందు బస్సుకు పోతాండాం. రోజుకొక పీరియడ్ మాకు చదువు తక్కువ. స్టాపు కావాలని డిపోకు అర్జీ రాస్తా. రాసినా గూడా. ఇదిగో.”

వెనక నుంచి ఒకడు, “టిక్కెట్టే లేదు, ఇంక స్టాపు గూడా కావాల్నా?” అన్నాడు.

ముంతాజ్ వెంటనే అంది: “ఆగని బస్సుకు టిక్కెట్టు లేకపోతే ఏం లాభమప్పా?”

తరగతి అంతా బల్లలు చరిచింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, కానీ కూర్చోలేదు.

కళ్లజోడు తీసి లెక్కించాను. ఈసారి ఎందుకో తెలిసి తీశాను. నవీద్‌కు ఇరవై రెండు, ముంతాజ్‌కు పదహారు.

నవీద్ నేరుగా ఆమె బెంచీ దగ్గరికి వెళ్లి అర్జీ ఇవ్వమని అడిగాడు. మొదటి సంతకం అతనిది. సాయంత్రానికి ముప్పై ఎనిమిది సంతకాలు అయ్యాయి. శుక్రవారం నమాజు తర్వాత ఐదుగురు కలిసి డిపోకు వెళ్లి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చారు. ముంతాజ్ ఆ ముద్ర నాకు చూపించింది. ఆరు హక్కుల పేర్లు అప్పజెప్పిన పిల్లలు ముద్ర వేయించుకుని రావడం నేను చూశాను. స్టాపు వస్తుందో రాదో ఇంకా తెలియదు.

అందరూ వెళ్లాక ఆమె ఆగింది.

“మేడం, ఈసారి నాకే వేసుకున్నా.”

“నేను అడగలేదు.”

“తెలుసు మేడం. చెప్పాలనిపించింది. మిగతా పదిహేను మంది ఎవరో తెలీదు. అది శానా బాగుండాది.”

ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా నడుచుకుంటూ వెళ్లడం చూసి నేను బోర్డు చెరపలేదు. రెండు పేర్లూ పూర్తిగా, ఒకే సైజులో ఉన్నాయి. మరునాడు ఉదయం కూడా ఉన్నాయి.

మీ కళ్లజోడు సంగతి చదివినప్పటి నుంచి ఒక ఆలోచన వదలడం లేదు. మీకు అంతా తెలిసి, నన్ను కాపాడటానికి నవ్వకుండా ఉన్నారని ఇన్నేళ్లూ అనుకున్నాను. మీకు తెలియదు. తెలియకుండానే నవ్వలేదు. అది ఇంకా పెద్దది. దానికి కృతజ్ఞత చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఎన్నిక గురించి రాస్తూ పోయాను.

ఏప్రిల్‌లో కడప వస్తాను. ముంతాజ్‌ను కూడా తీసుకొస్తాను, మిమ్మల్ని చూడాలంటోంది. మిషన్ పెట్టుకుని ఉండండి, ఇప్పుడు ఆమె మాట్లాడుతుంది.

మీ
షాహీనా

సంతకం చేశాక ఇది రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో నా పేరు రాసిన చీటీ నేను వేసుకున్నదే.